పదిహేను గళ్ళు

బ్రాడీపేట నాలుగో లైన్లో, మేడమీది గదిలో
తొమ్మిది వేలు పోసి కొన్న కీబోర్డు నాది.
మీట నొక్కితే
రేకు మీద చినుకు పడ్డ చప్పుడు.
మూడు రాత్రులు ఎడిటరు రంగులు మార్చాను:
నలుపు, ఇంకాస్త నలుపు, చివరికి మళ్ళీ మొదటి నలుపు.
ఆ మూడు రాత్రులూ ఒక్క లైను కోడ్ రాయలేదు,
అయినా ఒళ్ళంతా పనిచేసిన అలసట.

పనిముట్టుకు పదును పెట్టడమూ పనేనంటాడు
మా టీములో కరీముల్లా.
కావచ్చు.
నూరుతూనే కూర్చుంటే
ఆఖరికి చేతిలో మిగిలేది పిడి.

ఇంట్లో అన్నిటికీ తెలివి వచ్చింది.
గీజరు వైఫై అడుగుతుంది.
బట్టలుతికే మిషను పాట పాడి పిలుస్తుంది.
నేను బండి తీసే వేళకే ఫోను
అప్‌డేట్ అంటూ తలుపేసుకుంటుంది.
నిన్నటి బొత్తాం ఇవాళ ఉండదు,
అది లేకపోతే బాగుంటుందని ఎవరికో ఎక్కడో తోచింది.
ఆ ఎవరో నేనే అయిన రోజులున్నాయి.

మార్చి నెల. ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
తొడిమలు తీసేవాళ్ళకి కూలి చీటీ కొట్టే యాప్ నాది.
ఆరు తుమ్ములు అయ్యాక గానీ
గుమస్తాకి నమస్కారం పెట్టలేకపోయాను.
తేజ కాయల గుట్టల మధ్య ఆడవాళ్ళు
ముక్కుకి చెంగు బిగించి
కాయ వైపు చూడకుండానే తొడిమ తుంచుతున్నారు.
బల్ల ముందు గంట కూర్చున్నానేమో,
చేతి గడియారం మణికట్టు మీద గునిసింది:
చాలాసేపయింది, ఒకసారి లేచి నడవండి.
పొద్దుట ఏడింటినుంచి లేవనివాళ్ళు నలభై మంది
ఆ చప్పుడుకి తలెత్తి చూశారు.

ఒకామె చీటీ పట్టుకొచ్చింది.
"అబ్బాయా, ఇది నా పేరేనా?"

లక్ష్మీనాంచారమ్

"చివరి మ ఎవరు తిన్నారు?"

పేరు గడికి పదిహేను అని పెట్టింది నేనే,
ఒక శుక్రవారం, టీ చల్లారేలోపు,
పదిహేను చాలదా మనిషికి అనుకుని.
ఆమె నోట్లో ఆ పేరు ఆరక్షరాలు.
యంత్రం లెక్కలో పదహారు.
పొల్లు వేరు, దీర్ఘం వేరు, సున్న వేరు,
క కింద ష, ష కింద మ,
ఒళ్ళో కూర్చున్న పసిపిల్లకి కూడా
ఫుల్ టికెట్ కొట్టే కండక్టరు అది.
పదహారోది బస్సు ఎక్కలేకపోయింది.
టెస్టు చేసిన రోజు నేను కొట్టిన పేరు అఆఇఈ.
దానికి ఏ ఇబ్బందీ రాలేదు.

అక్కడే సరిచేద్దామని
సంచీలోంచి తొమ్మిది వేల కీబోర్డు తీశాను.
స్పేసు మీట దిగింది, పైకి రాలేదు.
కింద మిరప గింజ.
ఊదాను. తుమ్మాను. బోర్లించి తట్టాను.
మీటలు ఊడదీసే పటకారు
ఇంట్లో, కొన్ననాటి డబ్బాలో, భద్రంగా ఉంది.
ఆమె పుస్తెలతాడుకి వేలాడే పిన్నీసు ఒకటి తీసి,
కారం ఇంకిన వేళ్ళతో సందులో దూర్చి
గింజని కింద పడేసింది.
ఎంతసేపు? అఆఇఈ అనేంత.

పదిహేనుని వంద చేశాను.
మార్పుకి కారణం రాయమంటే
"ఒక మ బాకీ" అని రాశాను.
కరీముల్లా అటునుంచి ప్రశ్నార్థకం పంపాడు.

కొత్త చీటీలో పేరంతా పట్టింది.
ఆమె దాన్ని మడిచి రవికలో పెట్టుకుంటూ
"పేరు సరే. నిన్నటి నాలుగు కిలోలు
ఏ గడిలో పట్టలేదో అదీ చూడు" అంది.
ఆ గడి నేను కట్టింది కాదు.
కాటా అంకె గుమస్తా చేత్తో కొడతాడు.
గుమస్తా ఫ్యాను వైపు చూశాడు.
నేను తెర వైపు చూశాను.

రాత్రి గదికొచ్చి చూస్తే
చొక్కా జేబులో పిన్నీసు.
మొన కొంచెం వంగింది.
తీసి దీపం కింద తిప్పి తిప్పి చూసి,
మరిచిపోయి
ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను.