ఆది

సంతపేటలో మా కుట్టు అంగడికి
గురువారం రాత్రి తొమ్మిదికి షట్టరు సగమే దిగేది.
ఇస్త్రీపెట్టె పక్కన పద్నాలుగు అంగుళాల టీవీ.
కాజాలు కుట్టే నేను, ఏకాంబరం మేస్త్రీ,
సంగటి గిన్నెలు కడిగేసి వచ్చే అముదమ్మ,
బాకీ అడగను వచ్చి ఉండిపోయే దారాల కొట్టు మస్తాన్.

ఆ సీరియల్లో ఒకడు పాడెలు కడతాడు.
ఎదురైనోడినల్లా కంటితోనే కొలుస్తాడు.
పెండ్లికొడుకుని చూసి "ఐదడుగుల ఎనిమిది" అంటాడు.
అప్పిచ్చినాయన తలుపు తడితే
"వెదురు ధర పెరగతా ఉండాది సామీ, తొందరపడు" అంటాడు.
టీవీలో జనం నవ్వే చప్పుడు.
దాన్ని మించి మాది.
అముదమ్మకు పొలమారేది.

మేస్త్రీకి ఆ మాట పట్టుకునింది.
ప్యాంటు కొలతకొచ్చిన వీఆర్వో నడుం చుట్టూ టేపు తిప్పి
"నీకు నాలుగు వెదుర్లు కావల్ల సార్" అన్నాడొకసారి.
ఆయనా నవ్వినాడు. కూలి మాత్రం పది రూపాయలు తగ్గించినాడు.

ఆఖరి వారం.
వానకు కరెంటు పోయి వచ్చింది, మొదలు కొంత పోయింది.
పాడెలాయన సైకిలు మీద వస్తా ఉన్నాడు,
వెనక వెదుర్లు, నోట్లో బేరం.
వీధి మలుపులో జనం. ఎవరూ పలకరు.
"ఎంత పొడుగబ్బా మనిషి?" అన్నాడు.
ఒకామె చెయ్యి తన నడుం దగ్గర పెట్టి చూపించింది.
"అంతేనా! ఒక వెదురు మిగిల్తుంది."
మేము నవ్వినాము.
టీవీలో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చూపించినారు
గడప పక్కన క్యారియరు.
వారం వారం ఆయనకు బువ్వ తెచ్చే కూతురిది.
మూత సొట్ట.
ఆ సొట్టకు కూడా మూడో వారం నవ్వి ఉంటిమి.

నవ్వు ఇంకా నోట్లోనే ఉంది.
మింగేదానికి లేదు, ఉమ్మేదానికి లేదు.
పేర్లు పడినాయి, సబ్బు ప్రకటన వచ్చింది.
మస్తాన్ బాకీ మాటెత్తకుండా చెప్పులేసుకున్నాడు.
"ఇట్ట చేస్తారా ఎవరైనా" అని అముదమ్మ
ఎవరినో తిట్టింది, టీవీనో, మమ్మల్నో.

తెల్లారి బడి యూనిఫారానికని
ఒకామె బిడ్డను తీసుకొచ్చింది.
రెండు జడలు, ఒక రిబ్బను ఊడింది.
కొలతలు అలవాటైన బిడ్డ, చేతులు చాపి నిలబడింది.
మేస్త్రీ మెడలో టేపు ఉంది.
ఒక కొస పట్టుకున్నాడు.
మళ్ళా వదిలేసినాడు.

"కొలత వద్దులేమ్మా,
ఆదికి పాత గౌనొకటి తెచ్చియ్యి" అన్నాడు.
"రెండంగుళాలు ఎక్కువే పెడతా.
పెరిగే బిడ్డ."