నీళ్ళు యాడికి పోతాండాయి

యాడా కారడం ల్యా.
కింద అట్టపెట్టె పరిచి రాత్రంతా నిలబెట్టి చూసినా,
తెల్లారి అట్ట ఎండు అట్టే.
అయినా రేడియేటర్లో నీళ్ళు లేవు.

కడపలో పుట్టినోణ్ణి.
బోరు ఎండినా బుగ్గవంక ఎండినా
నీళ్ళు యాడికి పోయినాయని అడగడం అలవాటు.
బండినీ అదే అడిగినా.
అది తెల్లటి పొగ వదిలింది,
మే నెల పట్టపగలు మంచు పడినట్టు.

డెబ్బై నాలుగు మోడలు ఫియట్టు.
పశువుల డాక్టరు చెంగల్రాయుడు షెడ్డులో
పదకొండేండ్లు కోళ్ళు పొదిగిన సీటు.
రవికెలు కుట్టేవాడికి కారేందని అల్మాస్‌పేట అంతా నవ్వింది.
సీటు కవర్లు నేనే కుట్టినా,
నవ్వినోళ్ళే వచ్చి తడిమి చూసిపోయినారు.
లోపలిది మాత్రం నా సూదికి అందేది కాదు.

గువ్వలచెరువు ఘాటు ఎక్కుతాంటే
మూడో మలుపులో ముల్లు ఎర్రగీత దాటింది.
కోవా అంగడి పిల్లోడు చెంబుతో పరిగెత్తుకొచ్చినాడు.
ఆయిలు మూత తిప్పితే
అడుగున అంటుకొని ఉండాది
మెత్తగా, లేత గోధుమ రంగులో, పాలకోవా.
పిల్లోడు వంగి చూసి
"పాకం చెడింది" అన్నాడు.

రెండు నెలలు నన్ను నేనే మోసం చేసుకున్నా.
ఎవరో చెప్పినారని రేడియేటర్లో పసుపు పోసినా,
ఇంకెవరో చెప్పినారని కోడిగుడ్డు తెల్లసొన.
నీళ్ళ క్యాను వెనక సీట్లో
చుట్టం మాదిరి కూర్చుని ఊరంతా తిరిగింది.

గౌస్ పీరాకు చెవులు వినపడవు.
లారీల నడుమ బతికి పోగొట్టుకున్నాడు.
స్క్రూడ్రైవరు పిడి పండ్ల మధ్య కరిచి
మొన ఇంజను మీద ఆనించి
కండ్లు మూసుకున్నాడు.
చాలాసేపటికి రెండు వేళ్ళు ఎత్తినాడు.
రెండోది.

విప్పేటప్పుడు బోల్టులు బయటినుంచి లోపలికి.
తొందరపడి నేను నడుమది పట్టుకుంటే
చేతి మీద ఒక్కటేసినాడు.
హెడ్డు లేచింది.
నాలుగు గుంతల్లో మూడింటికి మసి.
రెండోది మాత్రం తోమిన గిన్నె మాదిరి మెరుస్తాంది.
నీళ్ళు తాగింది ఇదే,
దొంగ ముఖం కడుక్కొని కూర్చుంది.
అంచుల్లో నా పసుపు గార కట్టి ఉండాది.
గోటితో గీకి వాసన చూసి
"దీనికి పెండ్లి గాని చేసినావా?" అన్నాడు.

కాలింది చిన్న తునక.
రెండు రాగి రేకులు, నడుమ రాతినార,
చీర అంచు మడతంత మందం.
ఒక పక్క నిప్పు, ఒక పక్క నీళ్ళు,
ఇన్నేండ్లు ఆ ఇద్దర్నీ ఎడంగా కూర్చోబెట్టింది ఇదేనా?

కొత్తది కడపలో దొరకల్యా.
కర్నూల్లో రాగి కోసిచ్చే ముసలాయన ఉన్నాడంట,
నమూనా కావల్ల.
నా సుద్దముక్కకు పని పడింది.
ఖాకీ కాగితం మీద
నాలుగు పెద్ద వలయాలు, బోల్టు కన్నాలు, నీళ్ళ దారులు
చంకకూ మెడకూ కొలత తీసినట్టు గీసినా.
బస్సు కండక్టరు చుట్టి చంకన పెట్టుకుపోయినాడు.

ఈలోపల హెడ్డు.
ఉక్కు స్కేలు నిలబెడితే సందులో వెలుతురు.
మన గడపల ముందు పరిచే నల్లబండే,
దాని మీద గరుకు కాగితం అంటించి
ఎనిమిదంకె వేస్తా రుద్దినాడు,
నేను నీళ్ళు చిలకరిస్తా కూర్చున్నా.
దీపాలు పెట్టే యాలకు
స్కేలు కింద వెలుతురు చచ్చిపోయింది.

నాలుగోనాడు రేకు వచ్చింది.
పరిస్తే నీళ్ళ దారులు ఒక్కటీ కలవల్యా.
ఉల్టా గీసినా.
ఇరవై రెండేండ్ల దర్జీని, తిరగ పక్క గీసినా.
గౌస్ పీరా రేకు ఎత్తి, తిరగేసి పెట్టినాడు.
కూర్చుంది.
ఏమీ అనల్యా, బీడీ అడిగినాడు.

బిగించేటప్పుడు నడుమ నుంచి బయటికి,
ఒక్కపట్టున కాదు, మూడు తడవలు.
రెంచి టక్కుమన్నప్పుడల్లా నేను చెవితో విన్నా,
ఆయన మణికట్టుతో విన్నాడు.
స్టార్టు చేస్తే రవ్వంత తెల్లపొగ,
మిగిలిన తడి, అన్నాడు.
తర్వాత వెనక వట్టి ఎండ.

ఆదివారం ఘాటెక్కినా.
మూడో మలుపులో ముల్లు నడుమనే ఉండాది,
అయినా కోవా అంగడి కాడ ఆగినా.
పిల్లోడు అలవాటుగా చెంబుతో ఉరుక్కుంటా వచ్చి
బానెట్టు కాడ నిలబడినాడు.
ఆ నీళ్ళు నేను తాగినా.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగినాక రమ్మన్నాడు,
బోల్టులు ఇంకో తడవ బిగించల్లంట.
ఇప్పటికి మున్నూట పన్నెండు.
పొద్దున్నే మూత తిప్పి వేలు పెట్టి చూస్తా.
తడి తగులుతాంది.