తుప్పు వయసు

ఫారంలో ఒక గడి ఉంది, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది.
ప్రమాదం జరిగిన తీరు బొమ్మ గీయమన్నారు.
రెండు డబ్బాలు గీశాను.
ముందుది నా కారు, వెనకది చేపల వ్యాను.
వ్యాను నుంచి కారు వైపు ఒక బాణం.
పాండురంగాపురం ఎత్తుని ఆ గడిలో ఎక్కించడం చేతకాలేదు,
అందుకని రోడ్డు చదునుగా పడుకుంది.

ఆ పొద్దున ఏడుంపావు.
ఎత్తు మధ్యలో స్కూలు ఆటో మొరాయించింది.
దాని వెనక నేను,
కేజీహెచ్ ల్యాబులో ఎనిమిదింటి డ్యూటీకి.
అద్దంలో సముద్రం నిలువునా లేచి నిలబడింది,
పిట్టగోడ మీంచి ఆరేసిన నీలం చీరలా.
దాన్నే చూస్తున్నాను, అంతే.
బ్రేకు మీద కాలు ఒక్క ఊపిరి సేపు తేలికైంది.
టప్.
పెద్ద చప్పుడేం కాదు,
తోముతున్న గిన్నె చేయి జారినంత.

మైలపల్లి ఎల్లాజీ దిగాడు, చొక్కా నిండా పొలుసుల మెరుపు.
"నాను ముందుకొచ్చీసినానో, మీరెనక్కొచ్చీసినారో,
ఏటో తల్లీ, ఈ డౌన్లో అన్నీ జారతాయి" అన్నాడు.
అతని ఐసు పెట్టెల నీళ్ళు
మా టైర్ల మధ్య నుంచి బీచి వైపు వెళ్ళిపోయాయి
ఎవరి పక్షమూ పట్టకుండా.

"వెనుక నుండి వచ్చిన వాహనము ఢీకొన్నది" అని రాశాను.
ఢ కింద గీత పెట్టేటప్పుడు మాత్రం
పెన్ను కాస్త ఆగింది.
ఎల్లాజీ చదవకుండానే సాక్షి సంతకం పెట్టి
పెన్ను తుడిచి ఇచ్చాడు.

సర్వేయరు పట్నాయక్ గారు ఆటోనగర్ షెడ్డుకొచ్చారు.
గొంతుక్కూర్చుని, సొట్ట అంచుని గోరుతో గీకారు.
ఎర్రగా పొడి రాలింది.
"పాత దెబ్బ మేడమ్. ఈ తుప్పుకి ఆర్నెల్లుంటాయి."
జరిగి పంతొమ్మిది రోజులు.

డాబాగార్డెన్స్, మూడో అంతస్తు, టోకెన్ నలభై రెండు.
అయ్యా, నేను రోజూ నెత్తుట్లో ఇనుము లెక్కపెట్టే మనిషిని.
ఈ ఊళ్ళో ఇనుముకి వయసెవరు చెప్పగలరు?
నెల కిందట వేసిన బాల్కనీ కమ్మీకి పొక్కులు లేచాయి.
గేటు గడియ మూడు వానాకాలాలు చూడలేదు.
అమ్మ చీర కొంగున పిన్నీసు
చీర కన్నా ముందు పోతుంది.
పోనీ, మీ కిటికీ ఊచలు చూడండి,
మీ తల మీద తిరిగే ఫ్యాను బోల్టులు చూడండి,
అవి ఎప్పుడు పుట్టాయో గీకి చెప్పండి.

అతను పైకి చూశాడు.
ఫ్యానుకి తనే తప్పు చేసినట్టు చూశాడు.
తర్వాత ఎంతో మంచిగా అన్నాడు:
"దెబ్బ కొత్తదైతే చాలండీ,
తప్పు ఎవరిదైనా ఇచ్చేవాళ్ళమే."

మెట్లు దిగుతుంటే అర్థమైంది.
నా అబద్ధాన్ని ఎవరూ ముట్టుకోలేదు.
అది ఫైల్లో భద్రంగా ఉంది, సాక్షి సంతకంతో సహా.
వాళ్ళు కొట్టేసింది
ఆ కాగితాల్లో ఉన్న ఒక్క నిజాన్ని.

పదకొండు వేల నాలుగు వందలు లేక
సొట్ట అలాగే ఉంది.
వానకి అందులోంచి ఎర్రటి చార ఒకటి
నంబరు ప్లేటు దాకా దిగింది.
ఇప్పుడు ఎత్తెక్కేటప్పుడు అద్దం చూడను.
మడమ నొప్పెట్టేలా తొక్కి పట్టుకుంటాను.

నా ఫోన్లో అతని పేరు 'చేపల వ్యాను సాక్షి'.
ఆదివారాలు తనే చేస్తాడు:
"కోనాం దిగింది తల్లీ, తెమ్మంటారేటి?"
తెమ్మంటాను.
బేరం ఆడను.
నిన్న తూకంలో వంద గ్రాములు తగ్గినట్టనిపించింది.
సంచీ ఇంకో చేతికి మార్చుకుని
లోపలికి వచ్చేశాను.