ఉప్పుమూట

కరెంటు పోయింది.
ఊరంతా ఒక్క గొంతుతో తిట్టింది.
అపోల్స్ మార్మన్ ఒక్కడే
కోటు తొడుక్కుని పెరట్లోకి నడిచాడు,
కోత రెండు గంటలన్నారు, రెండూ తనవే.
ఆఫ్రికా దక్షిణపు కొసన, కరూ మెట్టలో, ఆగస్టు రాత్రి.
బకెట్లో నీళ్లకు అప్పుడే మీగడ కట్టినట్టు మంచు.

టెలిస్కోపు చర్చివాళ్ల పాతసామాన్ల అమ్మకంలో కొన్నది.
మోటారు లేదు. మూడు కాళ్లలో ఒకటి వేరేదాని కాలు.
కెమెరా తాకట్టు కొట్టుది,
దానంతటది చూపు నిలుపుకోలేదు,
కటకం అంచున పాత గీత.
రెండింటినీ కలిపింది
కూలిన గాలిమర రెక్క నుంచి కోసిన రేకుముక్క,
రెండు బోల్టులు, సైకిలు ట్యూబు పట్టీ.
పెద్ద గొట్టం వీపుమీద చిన్న పెట్టె,
తమ్ముణ్ణి ఉప్పుమూట ఎక్కించుకుని
ఉప్పోయ్ ఉప్పు అని తిరిగే అక్కలాగా.

మనకైతే ఉత్తరాన ధ్రువుడున్నాడు.
కదలనివాడొకడు దొరికితే
లోకాన్ని వాడి చుట్టూ తిప్పుకోవడం తేలిక.
అక్కడ దక్షిణాన ఎవరూ కూర్చోలేదు.
సవతితల్లి ఒడిలోంచి తోసేసిన పిల్లాడికి కూడా
ఎవరూ ఇవ్వని చోటు అది, ఉత్త నలుపు.
సరిగ్గా ఆ ఖాళీకే ఇరుసు గురిపెట్టాలి.
మూడు రాత్రులు పట్టింది,
మోకాళ్లమీద, గొర్రె కింద దూరినట్టు దూరి,
కాలి కింద చెక్కముక్క పెట్టి, తీసి, పెట్టి.
ముప్పై ఏళ్లు గొర్రెల బొచ్చు కత్తిరించిన నడుము.
వంగడం దానికి కొత్త కాదు. లేవడమే.

కంటి కటకంలో కొట్టుగీతలు కావాలి.
కొట్లో దొరికేవి ఖరీదు.
కాట్రీనా జడ విప్పి రెండు వెంట్రుకలు పీకి ఇచ్చింది.
"ఇంకెన్ని కావాలో ముందే చెప్పు,
అసలే పలచబడుతోంది."

దారిచూపే చుక్కను కాస్త మసక చేసి
పెసరబద్దంత ఉబ్బించి
వెంట్రుకలు దాన్ని నాలుగు సమపాళ్లు చేసేట్టు చూడాలి.
కింద భూమి తూర్పుకు జారుతూనే ఉంటుంది.
అతను బొటనవేలితో మర తిప్పుతూనే ఉంటాడు,
నిద్రపోయిన బిడ్డను పక్క మార్చినట్టు.
నాలుగు నిమిషాలు.
ఎర్ర కాగితం చుట్టిన టార్చీతో
కూతురు సేరా సెకన్లు పైకి లెక్కపెడుతోంది.
నూట పదకొండు దగ్గర ఆవలించి
మళ్లీ నూట పదకొండు అంది.
కటకానికి మంచు పట్టకుండా చుట్టిన మేజోడులో
పెనంమీద వేడిచేసిన బియ్యం.
అతని ముక్కు కారుతోంది,
తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

రెండు బొమ్మలు తీశాడు.
రెండోదాని మధ్యలో కరెంటు వచ్చింది,
పొరుగింటి వరండా బల్బు దాన్ని తాగేసింది.

వంటింట్లో మొదటిది తెరిచారు.
త్రిశంకుడు తలకిందులుగా వేలాడుతున్నాడు,
పైవాళ్లు వద్దన్నా, కిందికి రాలేకపోయినా
ఎక్కడివాడక్కడే, సూదిమొనలా.
వాళ్లు అతన్ని సిలువ అంటారు.
మూలల్లో చుక్కలకు రెక్కలు మొలిచాయి,
అది కటకం బీదతనం.
అయినా, కంటికి ఇరవై ఆనని చోట
మూట చిరిగి ఉప్పంతా ఒలికింది.

కింద మాత్రం
కొండ చెరిగిపోయి ఉంది.
నిలిచి ఉన్న గాలిమర నాలుగు గాలిమరలై నలిగింది.
స్టూలుమీద, దుప్పటి కప్పుకుని, ఏదో బూడిదరంగు.
"ఈ దయ్యం ఎవరు?" అంది కాట్రీనా.
"నువ్వే."
"నేను కదల్లేదే! ఊపిరి కూడా మెల్లగా తీశాను."
"నువ్వు కదల్లేదు. స్టూలు కదిలింది,
స్టూలు కింది ఊరు కదిలింది."

ఆమె చాలాసేపు చూసింది.
ఏదో అనబోయి, టీకి నీళ్లు పెట్టింది.
సేరా బల్లమీదే నిద్రపోయింది, నోట్లో ఏదో అంకె.
అపోల్స్ కంటి కటకం విప్పి దీపానికెత్తి చూశాడు,
నిలువు వెంట్రుక చలికి తెగింది.
అడగకముందే కాట్రీనా ముడి విప్పుతోంది.
"ఈసారి తెల్లది తీసుకో," అంది,
"నల్లవాటితో నాకింకా పనుంది."