నడిపి

సూర్ పట్నంల, సముద్రానికి ఈపు పెట్టి కూసున్న
చేపల శాఖ ఆఫీసుల
పందొమ్మిదేండ్లు ఫైళ్ళు మోసిన.
అరబ్బీ చదువరాదు నాకు.
బరువు చదువొస్తది.
కొత్త పడవ లైసెన్సయితే
రొట్టె తీరు అరచేతిల పడ్తది.
అన్నదమ్ముల పంచాయితిల ఇరుక్కున్న పడవయితే
రెండు చేతులు సాలవు, మీద గదువ ఆనిచ్చి ఎక్కాలె.

ఇరువై రెండు మెట్లు.
మీద ఖల్ఫాన్ సాబ్.
ఆకుపచ్చ సిరా తప్ప ఇంకోటి ముట్టకపోవు.
సంతకం పెట్టి ఊదు,
ఇంకోసారి ఊదు,
ఆరినంకనే నా చేతికిచ్చు.
ఆ రెండు ఊదుళ్ళ నడుమ అడిగేటోడు:
"మీ దిక్కు వాన పడ్డదా, లింబన్నా?"
పడకున్నా పడ్డదనేటోణ్ణి.
సిరా తడిగ ఉన్నప్పుడు
కరువు మాటెందుకని.

రంజాన్ ఎల్లినంక వచ్చిన ఆదివారం
అట్టపెట్టెలల్ల మిషిన్లు దిగినయి.
పిన్నులు పీకే పని నాకిచ్చిండ్రు.
తుప్పు పట్టిన పిన్నులు, నిడో డబ్బాకు నిండ.
ఒక ఫైల్ల ఎండిన చేప పొలుసు,
ఒక దాంట్ల ఎవరిదో పాస్‌ఫొటో, ఎనుక ఒక ఫోన్ నంబరు.
"ఇవి ఎక్కియ్యాల్నా?" అని అడిగిన.
స్కానింగ్ పిలగాడు చెవులల్లకెల్లి పాట తియ్యకుంటనే
తల అడ్డంగ ఊపిండు.

హాజరుకు ఏలు పెట్టుమన్నరు.
నా ఏలు మిషిన్‌కు దొరకలే.
కాయితం ఇంతింత తిన్నట్టున్నది గీతలను.
శమ్సా మేడం నవ్వి, ముఖం పెట్టు అన్నది.
ముఖం దొరికింది.
"మర్హబా, నడిపి" అన్నది మిషిన్.

పాస్‌పోర్టుల గట్లనే పడ్డది మరి.
పెద్దోడు గాదు, చిన్నోడు గాదు, నడిమిటోడు.
లింబన్న అనేది రెండో గడిల ఉన్నది,
మిషిన్‌కు మొదటి గడే సాలు.

అబద్ధమెందుకు, మంచిగనే అయింది శానమందికి.
వెనుకట గోడ నీడకు నాలుగు రోజులు పండుకున్నోళ్ళను చూసిన,
ఒక్క ముద్ర కోసం.
ఇప్పుడు నడి సముద్రంలకెల్లి నొక్కుతున్నరు,
ఒడ్డుకు వచ్చేసరికి లైసెన్సు ఉంటున్నది.
శమ్సా మేడం తెర మీద మాత్రం
ఎర్రటి అంకెలు ఉరుకుతుంటయి,
ఏ అర్జీ ఆమె కాడ ఎన్ని నిమిషాలు ఆగిందో.
"తాళం ఏస్తే ఆఫీసు ఆఫీసులనే ఉండేది, నడిపీ,
రాత్రి పిలగాన్ని జోకొట్టుకుంట
మూడు పడవలు మంజూరు చేసిన" అన్నది.
ఖర్జూరపు గింజ ఇంకా ఆమె బుగ్గలనే ఉన్నది.

నాకు మెట్లు పోయినయి.
గేటు కాడ కుర్చీ, మెడల నీలి పట్టీ.
ముసలోళ్ళ ఫోన్లు పట్టుకునుడు నా పని.
వల గుంజిన చేతులు అద్దం మీద ఆగయి.
గుండ్రం లోపట ముఖం పెట్టాలె,
చెప్పినప్పుడు రెప్ప కొట్టాలె,
బతికున్న మనిషే అని దానికి నమ్మకం కావాలె.
"గమ్మిద్" అంట. మూస్తరు.
"ఇఫ్తహ్" అంట. తెరుస్తరు.
దినానికి నలభై మందిని
మూయిస్త, తెరిపిస్త.

పోయిన బుధారం ఖల్ఫాన్ సాబ్ వచ్చిండు.
పింఛన్ల పోయి రెండేండ్లాయె.
పడవను మనుమని పేరు మీదికి మార్చాలెనట.
ఫోనును సాయ గిలాస తీరు అంచుకు పట్టుకున్నడు.
అలవాటుకు నేను లేచి నిలవడ్డ.
అలవాటుకు ఆయన కుడి చెయ్యి చాపిండు,
నేను ఫైలు తెచ్చినట్టు.

గుండ్రంల ఆయన ముఖం పెట్టించిన.
"గమ్మిద్" అన్న.
మూసిండు.
"ఇఫ్తహ్" అన్న.
తెరువలే.
కండ్లు మూసుకునే అడిగిండు:
"మీ దిక్కు వాన పడ్డదా, లింబన్నా?"

టైం అయిపోయింది, మళ్ళ చెయ్యుమన్నది ఫోను.
"పడలే సాబ్" అన్న.
"రెండేండ్ల సంది సక్కగ పడలే."
తెరిచి నా దిక్కు చూసిండు.
మళ్ళ చేసినం.
గుండ్రం ఆకుపచ్చగయింది.

ఆయన ఫోనును ముఖం కాడికి తెచ్చుకొని
ఊదిండు.
ఇంకోసారి ఊదిండు.
ఆరినంక
నా చేతికిచ్చిండు.