నేల వైరు

కంచరపాలెం గేటు పడింది.
గూడ్సు వెళ్తున్నంతసేపూ
ఫియట్ బానెట్ కిందే నా తల.
డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే
అడుగున ఏళ్ళనాటి మసి,
దాని మీద పచ్చటి చిలుము.

ఈ ఊళ్ళో ఇనుముకి ఆయుష్షు తక్కువ.
పోర్టులో క్రేన్ల కరెంటు చూసేదాన్ని, నాకు తెలుసు:
ఇక్కడ గాలి ఊరికే వీచదు,
నాకి పోతుంది.

పక్కన స్టూలు మీద తవిటయ్య.
ఊళ్ళో సగం కార్లకి పాయింట్లు గీకిన వేళ్ళు
ఇప్పుడు టీ గ్లాసులో అలలు లేపుతున్నాయి.
గేజీలూ గట్రా ఎరగడు.
సిగరెట్ పెట్టె అట్టముక్క సందులో దూర్చి లాగితే
పట్టీ పట్టనట్టు రావాలి,
అదే కొలత.

"నిప్పురవ్వ కంటికి కనపడాల అమ్మీ.
కనపడందాన్ని ఎలాగ నమ్మీసేవు?"

పాయింట్లు విప్పాను, కండెన్సర్ విప్పాను.
స్క్రూ ఒకటి లోపలికి జారింది,
అయస్కాంతం కట్టిన ఊచతో
తిట్టుకుంటూ పైకి లాగాను.
కొత్తది బొటనవేలంత నల్ల దిమ్మ,
షాఫ్టుకి తొడిగే అయస్కాంతాల ఉంగరం.
ఒకదాన్నొకటి తాకవు, అరగవు.
పక్కనుంచి పోతే
పోయిందని తెలుసుకుంటుంది, అంతే.

ఎరుపు కాయిల్ ప్లస్‌కి.
నలుపు మైనస్‌కి.
తారుమారైతే దిమ్మ ప్రాణం రెప్పపాటు.
మూడుసార్లు చూశాను,
నాలుగోసారి తవిటయ్య చూశాడు
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి.
ప్లగ్గుల వరస ఆయనే చెప్పాడు, ఎక్కంలా:
ఒకటి మూడు నాలుగు రెండు
ఒకటి మూడు నాలుగు రెండు.
గేటు దగ్గర ఆగిన ఇస్కూలు పిల్లాడొకడు
తనూ అందుకున్నాడు.

తాళం తిప్పాను.
స్టార్టర్ మూలిగింది.
మళ్ళీ తిప్పాను.
పెట్రోలు వాసన.
గేటు లేచింది, ఆటోలు అరిచాయి,
పిల్లాడు వెళ్ళిపోయాడు.
మీటరు పెడితే పన్నెండు వోల్టులూ వస్తున్నాయి.
పాతిక టన్నులు గాల్లోకి లేపించే చెయ్యి
వేలెడు దిమ్మ ముందు చెమటలు పట్టింది.

తవిటయ్య లేవకుండానే అన్నాడు:
"వొచ్చిన కరెంటు చూసేవు.
ఎల్లే దారి చూసేవా?
దానికి నేల అందాల."

లోపలి పళ్ళేన్ని ఒంటికి కలిపే బుల్లి వైరు,
గుడ్డ చుట్టిన పాతకాలందే.
పైకి నిండుగా ఉంది.
ఆయన వంచాడు, ఆ వణికే వేళ్ళతోనే.
నడుమ దగ్గర మెత్తగా మడత పడింది.
లోపల రాగి లేదు. పచ్చటి పొడి.

పాయింట్లు ఇన్నాళ్ళూ సర్దుకున్నాయి,
స్క్రూల గుండా తుప్పు గుండా
ఏదో దారి వెతుక్కుని.
ఈ కొత్తది సర్దుకోదు.
దానికి నికరంగా నేల కావాలి.

సంచిలోంచి జానెడు వైరు తీసి
రెండు కొసలూ పళ్ళతో ఒలిచి
"కట్టీ" అన్నాడు.

ఈసారి తాళం పూర్తిగా తిరక్కుండానే అందుకుంది.
మడ్‌గార్డు మీద ఆయన టీ గ్లాసు;
మీగడ ఊగింది గానీ చిట్లలేదు.
చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు,
డాక్టరు దగ్గర చుట్టం కూర్చున్నట్టు.
"బాగుంది అమ్మీ," అన్నాడు.
"మరింక ఏటీ సెప్పదు గావాల."
డబ్బులిస్తే వైరుకి మాత్రం తీసుకున్నాడు.

ఆదివారం భీమిలి రోడ్డు.
ఋషికొండ దాటాక, తుడుచుకునే గుడ్డ కోసం
డాష్‌బోర్డు అర తెరిస్తే
పేపరు పొట్లంలో పాత పాయింట్లు, కండెన్సర్,
కిరసనాయిలుతో కడిగి తుడిచినవి.
పైన చిన్న అట్టముక్క,
సిగరెట్ పెట్టెది,
కొత్తగా కత్తిరించింది.
అంచు కొంచెం వంకర.

కుడిపక్క సముద్రం.
అద్దం మీద అప్పుడే ఉప్పు.