ఇంగ

మంగళవారం మంగళవారం
మూడేళ్ళు నిండనివాళ్ళ కేసులు.
ఆ పూట బల్లలు గోడవారకి జరుపుతారు,
చాప పరుస్తారు.
ఉడుప మేడమ్ మోకాళ్ళు పట్టుకుని
మెల్లగా కిందే కూచుంటుంది.
టక్ టక్ చప్పుడుకి ఎవరో పాప బెదిరిందని
గోడ గడియారం తీయించింది కూడా ఆవిడే.

నన్ను పిలిచింది తెలుగు కోసం.
హోసూరు రోడ్డులో స్టాంపు పేపర్లు టైపు చేసుకునేదాన్ని,
ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ.
సాక్షుల మాటలు అటూ ఇటూ చాలానే మార్చాను.
రెండేళ్ళ మూణ్ణెల్ల సాక్షిని మాత్రం
చూడ్డం ఇదే.

పేరు కదిరేశు.
కె.ఆర్. పురం దగ్గర మెట్రో స్తంభానికి
చీరతో కట్టేసి ఉండగా దొరికాడు.
ఫైల్లో అలాగే ఉంది, దొరికాడు అని.
తల్లి ఓబులమ్మ, కళ్యాణదుర్గం వైపు.
అప్పుడు ఇరవై అడుగుల పైన
కాంక్రీటు తట్టలు అందిస్తోంది.
"కిందికి చూస్తే కనపడేతట్టే కట్టినానమ్మా.
లారీలు తిరిగే తావు,
కట్టకుంటే ఏమైపోతాడు?"

నలభై ఒక్క రోజులుగా శిశువిహారంలో
వాడు పలికింది ఒకే మాట.
ఇంగ.
ఆయా బసమ్మది బిజాపూరు,
వాళ్ళ యాసలో 'హింగ' అంటే ఇలాగ.
పాపం, వాడు ఇంగ అన్నప్పుడల్లా
ఇలాగా నాయనా అని భుజం మార్చింది,
ఇలాగా అని బోర్లా పడుకోబెట్టింది,
లైటు ఆర్పింది, మళ్ళీ వేసింది,
పాలు చల్లార్చింది, వెచ్చబెట్టింది.
నలభై ఒక్క రాత్రులు
వాడు అడగని ప్రశ్నకి
జవాబు వెతుకుతూనే ఉంది.

నేను చెప్పాను: మేడమ్, మా వైపు
ఇంగ అంటే ఇంకా.
చాల్లేదని. ఆపొద్దని.

ఏం ఆపొద్దు?

ఓబులమ్మ మాట్లాడలేదు.
సిమెంటు తిన్న వేళ్ళతో గాలిని
ఇటునుంచి అటు ఒకసారి తోసింది.
షెడ్డు దూలానికి చీర ఉయ్యాల.
ఏ చీర అంటే
ఫైల్లో ఉన్న చీరే, పద్దు నంబరు నాలుగు,
కట్టడానికి వాడిన తాడు అని రాసి సీలేసిన
ఆకుపచ్చ నూలుచీర.
పగలు కట్టింది అదే, రాత్రి ఊపింది అదే.

టైపిస్టు చేతులాపాడు.
ఉడుప మేడమ్ చాప అంచు పీకుతూ
చాలాసేపు ఉండిపోయింది.
తర్వాత, సీలు తీయండి అంది.
పిల్లవాడు ప్రస్తుతానికి ఉన్నచోటే.
రోజు విడిచి రోజు తల్లి రావాలి,
గంట లెక్కన కాదు, వాడు నిద్రపోయేదాకా.
సైటులో పిల్లల గది ఎందుకు లేదో
మేస్త్రీ కాదు, కంపెనీవాడే వచ్చి చెప్పాలి.
వాయిదా పద్నాలుగు రోజులు.
అని, వాడి వయసెంతన్నారు అని మళ్ళీ అడిగి
వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకుని
పద్నాలుగు కొట్టేసి ఏడు రాయించింది.

మెట్ల దగ్గర ఓబులమ్మ నా కొంగు పట్టుకుంది.
"ఇచ్చినట్టా అక్కా, ఇయ్యనట్టా?"
దానికి నాకు రెండు భాషల్లోనూ మాట దొరకలేదు.

ఆఫీసు గదిలో వోచరు.
అనువదించిన మాటలెన్ని, అని ఒక గడి.
ఒకటి
అని వేసి సంతకం పెట్టాను.